పొగమంచుకి అంచు కుట్టిన మావయ్య

ఈసారి కొండ పరుగుకి మా బజారు జట్టు కెప్టెన్ ఎవరో ఆ సాయంత్రం తేల్చేయాలని అందరం టైలరు మావయ్య కొట్లో చేరాం. ఇస్త్రీ బాబాయి, వాచీలు బాగుచేసే పెద్దాయన, మందుల షాపు అన్నయ్య, నేను. కోటుకి జిప్పు మార్పించుకోడానికి వచ్చిన ఒకావిడ మూల స్టూలు మీద కూర్చుని ఉంది. మావయ్య మెడలో టేపు సర్దుకుని మొదలెట్టాడు.

"కెప్టెనంటే కొండ చూసినవాడై ఉండాలి. నేను చూశాను. పోయినేడాది పరిగెత్తాను కదా! గొప్ప కోసం చెప్పడం లేదు గానీ, బాగానే పరిగెత్తాను. మొదటి మలుపులోనే బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. ఇంకొకడైతే ఇంటికెళ్ళిపోయేవాడు. నా కాలర్లో ఎప్పుడూ సూదీ దారం ఉంటాయా, ఆగకుండానే కుట్టేశాను."

"ఆగకుండానా?" అన్నాడు ఇస్త్రీ బాబాయి.

"కాలు గాల్లోకి లేచినప్పుడల్లా ఒక కుట్టు. అదేమంత పెద్ద పని కాదులే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండెక్కడం మొదలైంది. ఎంత నిటారుగా ఉందంటే, నా ముందు వెళ్ళేవాడి మడమలు నా నెత్తి మీద ఉన్నాయి. వాడి ప్యాంటు వెనక చిరిగింది. పాపం, పరువుగల మనిషి! వాడికి తెలియకుండా, వెనకే పరిగెడుతూ అదీ కుట్టేశాను. ఇంతలో వెనక్కి తిరిగి చూస్తే ఏముంది, నా నీడ లేదు!"

"నీడ ఎక్కడికి పోతుంది మావయ్యా?" అన్నాను నేను.

"నన్ను అందుకోలేక కింద మలుపులో చతికిలబడింది. రమ్మని కేకేస్తే నా వల్ల కాదంది. సరే, నీ ఇష్టమని వదిలేసి వెళ్తున్నానా, పొగమంచు కమ్మేసింది. మామూలుది కాదు, కంబళి మందం. వందమంది ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి గోల పెడుతున్నారు. నేనేం చేశాను? జేబులోంచి కత్తెర తీసి, దారి వెడల్పున మంచుని నిలువునా కత్తిరించి, పోగులు ఊడకుండా రెండు పక్కలా అంచు కుట్టి, 'ఇక పదండి నాయనా' అన్నాను."

పక్క మిషను మీద అత్తయ్య తలెత్తకుండానే అడిగింది. "దారం ఏ రంగు?"

"తెల్లదే. మంచుకి నల్లదారం వేస్తానా? సరే, వాళ్ళకి దారి చూపించి, ఇక నా ఊపున నేను పరిగెత్తాను. గమ్యం దగ్గరికి వెళ్ళి చూద్దును కదా, ఇంకా రిబ్బనే లేదు! మైకు తీగలు సర్దుకుంటున్నారు. 'అన్నా, వచ్చావా, కాస్త ఈ కొస పట్టుకో' అన్నారు. పట్టుకున్నాను. నేను పట్టుకున్న రిబ్బనే తెంపుకుని ఇంకెవడో మొదటి బహుమతి పట్టుకుపోయాడు. నేనేమీ అనుకోలేదు. ఇప్పుడు చెప్పండి, కెప్టెన్ ఎవరు?"

మందుల షాపు అన్నయ్య కరిగిపోయి చెయ్యెత్తబోయాడు. స్టూలు మీద ఆవిడ గొంతు సవరించుకుంది.

"అక్కడ రిబ్బను లేని మాట నిజమేనండీ. మనం చేరేసరికి విప్పేసి, కుర్చీలు కూడా లారీకెత్తేశారు."

మావయ్య చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"నన్ను గుర్తుపట్టలేదా? దారికి పాతిన జెండాలు పీక్కుంటూ అందరికన్నా ఆఖర్న వచ్చేది నేనే. ఆఖరి మనిషి ఎవరైతే వాళ్ళ వెనకే నడవాలి. రోజంతా మీ వెనకే నడిచాను."

కొట్టంతా గొల్లుమంది. అత్తయ్య మిషను ఆపి మరీ నవ్వింది. మావయ్య చెవులు ఎర్రబడ్డాయి.

"జీపెక్కమని ఎంత బతిమాలానో! కాళ్ళు వాచిపోయినా ఎక్కలేదు. పైగా దారంతా ఏదో ఈత పోటీ సంగతి చెబుతూనే ఉన్నారు. నవ్వీ నవ్వీ నా నడుంనొప్పి కూడా మర్చిపోయాను" అందావిడ.

వాచీల పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ, "కెప్టెన్ మన ఇస్త్రీ అబ్బాయే" అని తేల్చేశాడు. ఎవరూ కాదనలేదు.

మావయ్య కాసేపు తలొంచుకుని గుడ్డ మీద ఊరికే గీతలు గీశాడు. తర్వాత మెల్లిగా మావైపు చూశాడు.

"ఈత పోటీ సంగతి మీకెవరికీ చెప్పలేదు కదూ? ఏరు సగం ఈదానో లేదో, నీళ్ళు అయిపోయాయి..."