చెల్లె డిస్కు

టేకుమట్ల గుట్ట మీద, పళ్లెం లాంటి డిస్కును దూరపు బుట్టలోకి విసిరే డిస్క్ గోల్ఫ్ ఆడుతున్నారు అన్నాచెల్లెళ్లు. అన్న విసిరిన డిస్కు గొలుసుల బుట్టలో పడింది. దాన్ని తీసి తిరగేసిన చెల్లెలు అక్కడే నిలబడిపోయింది.

“గిది నాది. అడుగున గోర్ల రంగు బొట్టు పెట్టుకున్న. గీకినవ్ గని, ఎరుపు పోలే.”

అన్న డిస్కు కోసం చేయి చాపాడు. చెల్లెలు ఇవ్వలేదు.

“జట్టు సెలక్షన్లకు ముందురోజు ముండ్లపొదలల్ల పోయింది గిదే. ఒక్కరినే తీస్కుంటమన్నరు, గిది లేక నేను ఓడిన, నిన్ను తీస్కున్నరు. నీకెప్పుడు దొరికిందే అన్నా?”

“మొదట్లనే.”

“మరి పొద్దుగూకేదాక నాతోని ఆ పొదలన్ని దేవులాడినవ్ గదనే. చేతులు గీరుకపోతే నేనే పసుపు రాసిన.”

“రాసినవ్.”

“దొరికినంక గూడ ఎందుకు దేవులాడినవ్?”



“నేను దాచిన దిక్కుకు నువ్వు రాకుండ, చెల్లె.”