తిరిగి చేయని ఫోన్

రాగి తీగల గోడౌన్. షట్టర్ ఎత్తి ఉంది, ఎడమ గోడ అరలు ఖాళీ. షావుకారు, స్టోర్‌కీపరు.

“మళ్లీ చెప్పు. ఎన్ని చుట్టలు?”

“అరవై. మీరే కదండీ నిన్న ఫోన్ చేసి లారీకి ఎత్తించమని...”

“నేను చెయ్యలేదంటే వినవేం? ఆ వేళకి పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడి ఉన్నాను!”

“గొంతు మీదేనండీ. ఆ దగ్గూ, మాటకి ముందు ఆ ‘ఊఁ’ అనడమూ...”

“దగ్గు ఎవడికి రాదయ్యా!”

“మీ దగ్గు ఎవరికీ రాదండీ. ఇరవై ఆరేళ్లుగా వింటున్నా.”

“మరి నా గొంతు ఎవడి చేతికి చిక్కింది?”

“ఆఫీసులో ఫోన్లెత్తే యంత్రానికి మీ గొంతే పెట్టించారు గదా, గుమాస్తా అక్కర్లేదని. ఆ కంపెనీవాళ్లు మిమ్మల్ని అరగంట కూర్చోబెట్టి, చదివించి గొంతు పట్టుకెళ్లారు.”

“భద్రమన్నారు వాళ్లు.”

“తాళాలమ్మేవాడూ అంతే అంటాడండీ.”

“నాకే పాఠమా? సరే, జీతం మిగిలింది, గొంతు పోయింది. నా బేరం నాకు బాగానే తగిలింది. నీ సంగతి చెప్పు. మన పద్ధతేంటి?”

“ఏ పద్ధతండీ?”

“నంగనాచి వేషాలొద్దు. సరుకు వదలమని నేనే చెప్పినా సరే, నువ్వు ఫోన్ పెట్టేసి, తిరిగి నాకు చేసి అడగాలి. అడిగాకే షట్టర్. అవునా?”

“అవునండీ.”

“చేశావా?”

“లారీ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయిందండీ, వెనక హారన్లు...”

“చేశావా లేదా?”

“లేదండీ.”

“ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పనివాడివి, నిన్నే ఎందుకు తప్పావు? పదకొండింటికి పోలీసులొస్తారు. నీకు వాటా ఉందా అని అడుగుతారు. నన్నేం చెప్పమంటావు?”

“వాటానా! నన్నా అయ్యా ఆ మాట?”

“మరి నోరు విప్పు. అసలేమన్నాడు వాడు?”

“మొదట... భోజనం చేశావా అన్నారండీ.”

“నేనా?”

“మీ గొంతేనండీ. ఇంట్లో ఎలా ఉన్నారని అడిగింది. మా ఆవిడ మోకాళ్ల సంగతి చెప్పాను. మధ్యలో ఆపలేదండీ. అంతా విని, రెండ్రోజులు సెలవు తీసుకో, దగ్గరుండి చూపించు అంది. లారీ మాట ఆ తర్వాతే.”

“నేనెప్పుడైనా నీతో అలా మాట్లాడానటయ్యా? అప్పుడైనా అనుమానం రావద్దూ?”

“వచ్చిందండీ.”

“వచ్చిందా! వచ్చీ చెయ్యలేదా?”

“మీ నంబరు నొక్కానండీ. మోగితే ఎత్తేది మీరే కదా, అలా అడిగిన గొంతు కాదు కదా అని... పెట్టేశాను.”