కుజుడి రోజు

విస్సన్నపేట దగ్గరి మామిడితోటలో, మూలికా వైద్యం చేసే తండ్రి మంచం పక్కన నిలబడి ఉంది నర్సుగా పనిచేసే కూతురు. గేటు దగ్గర ఆటో వచ్చి ఆగి అరగంటైంది.

“లే నాన్నా. షుగరు పుండుతో కాలివేలు నల్లబడిపోయింది. నూజివీడులో డాక్టరుగారు చూసి, అవసరమైతే ఇవాళే ఆపరేషన్ చేస్తానన్నారు.”

“ఇవాళ మంగళవారమమ్మా. కుజుడి రోజున ఒంటి మీద కత్తి పెట్టించుకోకూడదు.”

“మరి పొద్దున్నే ఆ చండ్రచెక్క కషాయంతో పుండెందుకు కడిగావు?”

“చండ్రచెక్క కుజుడిది. మంగళవారమే బాగా పనిచేస్తుంది.”

“అంటే కుజుడు నీ చెక్కకి చుట్టం, డాక్టరు కత్తికి శత్రువా? నా ప్రాణం తోడేస్తున్నావు! రేపు బుధవారం ఉత్తరేణి అంటావు, ఎల్లుండి గురువారం రావి అంటావు. ఈలోపు అది కాలు మొత్తానికీ పాకుతుంది.”

“శాస్త్రం తల్లీ.”

“పోయిన మంగళవారం నీ దగ్గరికి వైద్యానికొచ్చిన సవరమ్మగారి కాలికి చీము పడితే, ఆస్పత్రికి పొమ్మని నువ్వే ఆటో ఎక్కించావుగా! అప్పుడు కుజుడు ఎక్కడికెళ్లాడు?”

ఆయన దుప్పటి అంచు కాలి మీదికి లాక్కున్నాడు.

“అది నా కాలు కాదు కదమ్మా,” అన్నాడు.

ఆమె కోపం చప్పున దిగిపోయింది. మంచం మీద కూర్చుని ఆయన చేయి పట్టుకుంది.

“భయమేస్తోందని ముందే చెప్పొచ్చుగా నాన్నా. లోపలికి నేనూ వస్తాను.”

“కత్తి పెట్టేటప్పుడు కూడానా?”

“అప్పుడు కూడా.”

ఆయన ఆమె భుజం ఆసరాగా లేచాడు.