కోట గుమ్మం మీద ఎర్ర చంద్రుడు

"సాయంత్రం గ్రహణమట. కడుపుతో ఉన్నాను కదా, బైటికొచ్చి సూడొచ్చా అమ్మా?"

నన్నా అడుగుతన్నావు! ఉండమ్మీ, నవ్వాగనీ.

నువ్వు నా కడుపులో ఉన్నప్పటి మాట. ఏడో నెల... కాదు, ఎనిమిది పడింది. జయపురంలో ఉన్నాం. మీ నాన్న బళ్లో మేష్టరు, ఫొటోల పిచ్చి. పాత కోట గుమ్మం మీద చంద్రుణ్ణి తియ్యాలని ప్రతి పున్నమికీ బయల్దేరడమే. తీస్తే ఏటొచ్చేది? అంత గుమ్మం, దానిమీద బియ్యం గింజంత చంద్రుడు. ఆ పున్నమికి గ్రహణం. పొడవడమే ఎర్రగా పొడుస్తాడట. ఇంక ఆగుతాడా మనిషి?

మీ మామ్మ సంగతి తెలుసు కదా. "మనం కిరస్తానీలం, మనకి గ్రహణాలేటి?" అంది. అంటూనే కత్తిపీట దాసేసింది. నన్ను గదిలో పెట్టి, వీధి గుమ్మంలో బైబిలు పట్టుకు కూకుంది. గ్రహణం సూస్తే బిడ్డకి పెదవి సీలి పుడతాదని భయం. నాకు లేదా? నాకూ ఉంది. పైకి మాత్రం అందరం నమ్మనోళ్లమే.

ఫొటోకి ఇంకో మనిషి కావాల. ఏటంటే, కెమెరా కన్ను సానాసేపు తెరిచుంచాల. ఈలోగా లారీ వస్తే లైటు పడకుండా టోపీ అడ్డెట్టాల. మీ మేనమామ సెమిలిగుడ నించి రావాల్సింది, బస్సు తప్పిపోయింది. మీ నాన్న పెరటి తలుపు కాడికొచ్చి గుసగుసగా, "రావే. చంద్రుణ్ణి సూడకు, నా మొహమే సూడు" అన్నాడు.

"మీ మొహం రోజూ సూస్తన్నాను కదండీ" అన్నాను. అని, వెళ్లేను.

కెమెరా పక్కన టోపీ పట్టుకు నిలబడ్డాను, తల దించుకుని, పెళ్లికూతురులాగ. "మూయ్" అంటే మూస్తన్నాను, "తియ్" అంటే తీస్తన్నాను. చంద్రుడు నా వెనక. ఇంతలో మీ నాన్న "అబ్బ!" అన్నాడు. అలాగంటే ఎలాగమ్మీ? తిరిగి సూసేసేను.

ఏటి సెప్పను! గుమ్మం మీద తోమిన రాగి సెంబు... కాదు, పొయ్యి మీద కాలిన పెనం... లేదు, నాకు రాదు సెప్పడం. నువ్వు లోపల ఒక్క తన్ను తన్నేవు. నేను పకపకా నవ్వేసేను. లారీ వచ్చేసింది, టోపీ నా సేతిలోనే ఉండిపోయింది.

ఫొటో కడిగిస్తే ఏటుంది? లారీ లైటుకి గుమ్మం పెళ్లిపందిరిలా వెలిగిపోతంది. కన్ను మరీ ఎక్కువసేపు తెరిచేడేమో, చంద్రుడు వానపాములాగ సాగిపోయేడు!

నా నవ్వు ఇంటికొచ్చేక పోయింది. పురుడొచ్చేదాకా సరిగ్గా నిద్దర లేదు. మీ నాన్న "అవన్నీ ఏటీ కావు" అనీవోడు. మీ మామ్మకి గది ఖాళీ అని తెలిసిపోయింది, తిట్టకుండా రోజూ నా కడుపు మీద సెయ్యేసి ప్రార్థన సేసీది. అదే మరీ భయం.

నువ్వు పుట్టేవు. "ఆడపిల్ల" అంది నర్సమ్మ. మంచం మీద నేను, తలుపు కాడ మామ్మ, కిటికీ బైట మీ నాన్న, ముగ్గురం ఒక్కసారే: "మూతి సూడండి!"

నర్సమ్మ బిత్తరపోయింది. "ఆడో మగో అక్కర్లేదు గాని, మూతేటి మూతి? ఊరంతా ఇనిపించేలా ఏడుస్తంది, సూసుకోండి!"

నిండు పెదాలు, అమ్మీ. ముగ్గురం ఒకళ్ల మొహం ఒకళ్లు సూసుకున్నాం. నమ్మనోళ్లం! ముందు మామ్మకే నవ్వొచ్చింది. "నవ్వకమ్మా, పచ్చి బాలింతవి" అని నర్సమ్మ తిడతంది, నాకు ఆగితే కదా.

వెళ్లు, అల్లుడుగారితో కలిసి తనివితీరా సూడు. ఎలాగ పుట్టినా మన బిడ్డే, సల్లగా బతకాల. నేనూ వస్తాను. నీ కడుపు మీద సెయ్యేసి కూకుంటాను. నమ్మి కాదమ్మీ... ఊరికే...