మా విమల గిటారు ఎందుకు ఇడిసిపెట్టిందంటె

"పెద్దమ్మమ్మా, మా అమ్మమ్మకు గిటార్ ఎట్లొచ్చు? నేను ఫోన్ల సూసి నేర్సుకుంటుంటె ఎన్కనుంచి వచ్చి, 'ఆ వేలు గాడ గాదు, జర కిందికి' అన్నది. ఎట్లెరుక అంటె నిన్నడుగుమన్నది."

అన్నదా? నిజంగనే అన్నదా విమల? ఇన్నేండ్లకు నోరిప్పిందన్నట్టు. కూసో బిడ్డా. ఆ ఫ్యాను జర తగ్గియ్యి, నా మాట నాకే ఇనొస్తలేదు.

గప్పుడు మేము నాచారంల ఉంటుంటిమి. ఉప్పల్ అంటె ఒక ఊరే, బోడుప్పల్ దిక్కు పోతె అన్ని చెలకలే. నాకు రేడియోల కంపెనీల కొలువు, పొద్దంత సోల్డరింగే. చెల్లె, అదే మీ అమ్మమ్మ, ఇంట్ల ఉంటుండె. మా పక్కింటి రైల్వే సారు బదిలీ అయి పోతపోత, సామాన్ల పడ్తలేదని ఒక గిటారు మాకిచ్చిపోయిండు. గంతే, విమల దాన్ని ఒళ్లోకెల్లి దించితె ఒట్టు.

నేర్పెటోడేడి? మీకిప్పుడు ఫోన్ ఒత్తితె వందమంది సార్లొస్తరు. మాకు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక్క ఇంగ్లీషు పుస్తకం. సగం పేజీలు లేనే లేవు. ఏ వేలు ఏ తీగ మీద పెట్టాల్నో బొమ్మలుండె, గవి సూసుకుంటనే పెట్టేది పాపం.

ఉప్పల్ల ప్రభాకర్ మాస్టరని ఒకాయన పెండ్లిండ్లకు ఆర్కెస్ట్రా నడిపిస్తుండె. విమలను ఆయన తాన్కి నేనే తోల్కపోయిన. నేర్పిండా అంటె నేర్పిండు, గని ఒక్క ముక్క చెప్పి నెల తిప్పుకునేటోడు. మంచి పాటొస్తె గోడ దిక్కు తిరిగి వాయించేటోడు, వేళ్లు కనపడొద్దని! సూసినవా బుద్ధి? అయినా మా విమల తక్కువదా, చెవులతోనే పట్టుకొచ్చేది.

ఇగ పందిట్ల పదిమందికి ఇనపడాలంటె ఆంప్లిఫయర్ గావాలె గదా. కొనే తాహతు మాకేడిది. కంపెనీలకు ట్రాన్సిస్టర్లు వచ్చినంక పాత వాల్వులు మూలకేసిన్రు. వాల్వంటె గాజుబుడ్డి లెక్క ఉంటది, లోపట ఎర్రగ కాల్తది. సూపర్‌వైజర్ను అడిగి కొన్ని తెచ్చుకున్న. అడిగే తెచ్చిన, దొంగతనం గాదు! పాత రేడియోల ఎన్క అట్ట మీద సర్క్యూట్ బొమ్మ అతికిచ్చి ఉంటుండె, గదే నాకు పుస్తకం. ట్రాన్స్‌ఫార్మర్ కోఠిల చుట్టిచ్చిన. ముందుగాల గుయ్యిమని మోత తప్ప ఏం లేదు. ఎర్తింగు ఇప్పి మళ్ల జేసి, మళ్ల ఇప్పి... ఆఖరికి విమల ఒక్క తీగ మీటింది సూడు, మా అమ్మ పిండి చేతులతోనే వంటింట్లకెల్లి ఉరికొచ్చింది. గంత నిండుగ ఉండె ఆ సప్పుడు.

మాస్టరుకు తెల్సింది. ఇంటికొచ్చి ఇన్నడు. "అనసూయమ్మా, మీ చెల్లెకు స్టేజీ ఇస్త. ఈ ఆంప్లిఫయర్ డబ్బ నా దగ్గరుంచు, రిహార్సల్ జేపిస్త" అన్నడు. మేం నమ్మి ఇచ్చినం.

మల్కాజిగిరిల పెండ్లి. విమల నా కొత్త చీర కట్టుకున్నది. ఆడికి పోయి సూస్తె నా డబ్బ మీద ఆయన పేరు పెయింట్ ఏసి ఉన్నది. విమల చేతులకెల్లి గిటారు తీసుకొని, "ఇయ్యాల మా మేనల్లుడు వాయిస్తడు, ఆడపిల్ల గింతమందిల బాగుండదు" అని స్టేజీ పక్కన కుర్చీ ఏసి కూసోవెట్టిండు.

రెండు పాటలైనయో లేదో, డబ్బ సప్పుడు బందయింది. అందరు లొల్లి. మాస్టరు నా దిక్కు సైగ జేస్తుండు. నేను లేవబోతె విమల చెయ్యి వట్టుకున్నది. తనే లేసిపోయి, "మా అక్క బాగు జేస్తది మాస్టరు. గని ఇగ నేనే వాయిస్త" అన్నది.

"సరే తల్లీ, నువ్వే వాయించు, జల్ది జెయ్యమను."

నేను పోయి సూసిన. ఒక వాల్వు కాల్తలేదు, సాకెట్ల లూజైంది. కరెంటు బంద్ జేపిచ్చి, చల్లారనిచ్చి, కొంగుతోని దాని కాళ్లు తుడిచి గట్టిగ ఒత్తిన. మళ్ల పాణమొచ్చింది. విమల కొంగు చెక్కుకొని గిటారు కోసం చేతులు చాపింది. ఆయన మైకు పట్టుకొని, "మా డబ్బ బాగు జేసిన చెల్లెకు చప్పట్లు కొట్టున్రి" అనుకుంటనే మేనల్లునికి కానియ్యమని సైగ జేసిండు. జనం చప్పట్లు కొడుతున్రు. మా విమల చేతులు గట్లనే చాపి ఉన్నయి బిడ్డా...

ఆగు, జర మంచినీళ్లియ్యి.

అయినంక గిటారు తెచ్చుకున్నం. డబ్బ అడిగితె ఏమన్నడెర్కేనా? "ఆడపిల్లలు ఆంప్లిఫయర్ జేసిన్రంటె ఎవడన్న నమ్ముతడా? దాని మీద పేరు సూడలేదా?" మా నాయినకు చెప్పుకున్నం. "పోనియ్యిన్రి, మీ పేర్లు బజార్ల పడొద్దు" అన్నడు. మాస్టరు మీదికంటె మా నాయిన మీదనే నాకు ఎక్కువ కోపం, ఇప్పటికి. విమల ఏడ్వలేదు. తీగలన్ని వదులు జేసింది, గుడ్డతోని తుడిచింది, ఎన్క గల్లి చర్చిల ఇచ్చొచ్చింది. మళ్ల పాట ఊసే ఎత్తలే. నేను ఇంకొకటి జేస్తనన్న. "ఎవరికి అక్కా?" అన్నది.

ఆయన అదే డబ్బతోని ఏండ్లకేండ్లు పేరు దెచ్చుకున్నడు. సచ్చిపోయిండని కబురొస్తె నేను పోలే. ఎందుకు పోవాలె?

"పెద్దమ్మమ్మా, నేను గూడ వాల్వ్ ఆంప్ జేద్దామనుకుంటున్న. నెట్ల సర్క్యూట్లన్ని ఉన్నయి."

ఉంటయి. మీ నసీబు మంచిగున్నది. గని ఒకటి ఇను. స్విచ్ బంద్ జేసి వైరు పీకినా కెపాసిటర్ల కరెంటు నిలబడి ఉంటది. నాకు చెప్పెటోడు లేక చెయ్యి భుజం దాంక మొద్దుబారింది. ముందుగాల నా తాన్కి తే, అది ఎట్ల ఖాళీ జెయ్యాల్నో సూపిస్త. అప్పటిదాంక మూత తియ్యకు.

మీ అమ్మమ్మను ఏం అడగకు. ఏలు తప్పు పెట్టు, ఊకె. సెప్తది.

ఏదీ, చెయ్యిటు సూపియ్యి. ఇంక మెత్తగనే ఉన్నయి గదనే... నీ వేళ్ల కొసలు కాయలు గాయాలె బిడ్డా. గట్టిగ గాయాలె. సల్లగుండు.