టేపు చుట్టిన వైరు

సిగ్నల్ మీటరు పట్టుకొచ్చిన కేబుల్ మనిషి టీవీ వెనక్కి తొంగిచూడగానే చిక్కడపల్లి హైమవతి వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఇంటర్నెట్ ఇస్తున్నం అక్కా. ఇగ ఇండ్లకెళ్లి గుడ సిగ్నల్ మా ఆఫీసుకు వెనక్కి పోతది. మీ ఇంటికెళ్లి లైన్ల కలుస్తున్న గరగరకు అశోక్‌నగర్ దాక సిగ్నల్ పరేషాన్."

"ఇంట్లో మాట్లాడేవి కూడా పోతాయా?"

"మొన్న దోమలగూడల ఒకాయన తుమ్మిండు. ఆఫీసుల మా ఓనరు 'చిరంజీవ' అన్నడు."

ఆమె గరిటె పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

"మీ ఓనరు ఎలాగూ వినే ఉంటాడు, లైను కోసెయ్యకు బాబూ. వెనక వాటా వాళ్లకి నేనే వైరు మెలేసి, టేపు చుట్టి కలిపాను. మా ఆయనక్కూడా తెలీదు."

"గరగర ఆ టేపు కాడికెళ్లే వస్తున్నది."

"అంటే మాటలు పోవా?"

"వైర్ల పోవు అక్కా. ఇప్పుడు మీరు చెప్పింది మాత్రం ఓనరు దాక నేనే మోసుకపోవాలె."