అమెరికా ఆవు మేసిన అంచు

"లింగన్నా! మేడమ్ వస్తుందే! ఫ్లైఓవర్ కింద ఆటో దిగింది!"

వీధి చివర్నుంచి చాయ్ బండి శ్రీను వేసిన కేకకు లింగయ్య చేతిలో సుత్తి జారి కాలి మీద పడ్డది. నొప్పి కూడా తెలియలేదు పాపం.

కొత్తగూడలో ముప్పై ఏండ్లుగా ఫ్రేములు కట్టే చెయ్యి మరి. దేవుడి క్యాలెండర్ వస్తే కిందున్న దుకాణం పేరు కోసేసి, బొమ్మ మటుకే అద్దంలో బిగిస్తాడు. పొద్దున ఆ చెయ్యే అదే ఊపులో ప్రియదర్శిని మేడమ్ ఆఫీసు బొమ్మకూ కింది అంచు కోసేసింది. నూటయాభై ఏండ్ల కింద అమెరికాలో అచ్చేసిన పల్లెటూరి బొమ్మ అది. ఏరు, గడ్డిబండి, కొట్టం ముందర ఎర్రావు. అచ్చేసినవాళ్ల పేరూ, సంవత్సరమూ ఆ అంచు మీదే ఉండె. బొమ్మేమో వాళ్ల పెద్దసారుది. పాడైతే ఉద్యోగం పోయేది మేడమ్‌ది.

మేడమ్ రానే వచ్చింది. బొమ్మ చూసింది. మొహం పాలిపోయింది.

"లింగయ్యగారూ, కింద అక్షరాలేవి? నాలుగింటికి సారు చూస్తారు!"

"గదే చెప్త, కూసోండ్రి మేడమ్. జర దుమ్ముందని బ్రెడ్డుముక్కతోని తుడిచిన. ఏమైందో ఎర్కేనా? ఏరు తళతళ మెరిసింది! ఇంకింత తుడిస్తే అండ్లకెళ్లి సల్లగాలి! ఫ్యాను బంద్ చేసిన."

"పొద్దున కరెంటే లేకుండె గదనే," అన్నాడు మేడమ్ వెనకే వచ్చిన శ్రీను.

"నువ్వాగు రా! గాలెనక నీళ్లు. రోడ్డు మీద మోకాళ్ల లోతు, ఆఫీసు బస్సులన్నీ ఆగినయి. గడ్డిబండాయన దిగొచ్చి దారడిగిండు. నేను ఇంగ్లీషుల చెప్తే ఆయనకే సమజ్ కాలే, గంత పెద్ద ఇంగ్లీషు!"

ఆపితే మేడమ్ మళ్లీ అదే అడుగుతుంది. అందుకే ఆపడం లేదు. చెమట మెడ మీదికి కారుతున్నది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎర్రావు బయటికొచ్చింది! కొమ్ములు ఫ్లైఓవర్‌కు తగిలినయి. తోక పట్టుకొని నానక్‌రామ్‌గూడ దాకా ఉరికి, అద్దాల మేడల నడుమ మళ్లేసుకొచ్చి బొమ్మల కట్టేసిన. ఆకలి మీదుండె గద, పోతపోత అంచు మేసిపోయింది."

అన్నం గిన్నెతో అప్పుడే వచ్చిన భార్య కిష్టమ్మ వంగి బొమ్మ చూసింది.

"ఎంత బుద్ధిమంతురాలయ్యా నీ ఆవు! స్కేలు పెట్టి మేసింది."

శ్రీను కూడా నవ్వలేదు. లింగయ్య జేబులోంచి కాగితం పట్టీ తీశాడు. "అలవాటుల కోసిన మేడమ్. తప్పయింది."

మేడమ్ సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. చాలాసేపు విన్నది.

"అతికించేవాళ్లున్నారంట. నా సంగతి మాత్రం రేపు మాట్లాడతామన్నారు."

"నేనొస్త మేడమ్. నా చెయ్యే కోసిందని చెప్త."

"రండి. ఆవు సంగతి మాత్రం ఎత్తకండి."

"ఇగ లెవ్వుండ్రి, మొదలు బువ్వ తినుండ్రి," అని కిష్టమ్మ కింద పేపర్లు పరిచింది. నలుగురూ కూర్చున్నారు. లింగయ్య ముద్ద కలిపాడు గానీ నోటిదాకా పోలేదు. మేడమ్ పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపింది.